తాడు పట్టినవాళ్ళ తట్ట

ఆ ఎండాకాలం మాకున్న పనులు ఇవి. తెప్పలకు పాత తాళ్ళు విప్పి కొత్తవి కట్టాలి. కట్ట కింద రేకుల షెడ్డులోంచి మేకలను వెళ్ళగొట్టి తక్కెడ వేలాడదీయాలి. పాల్వంచ నుంచి ఐసు తెచ్చే ఆటో మాట్లాడాలి. నీళ్ళ అడుగున మొద్దులు ఎక్కడెక్కడున్నాయో మునిగి చూసి, వల చిక్కకుండా గుర్తుకు ఖాళీ నూనె డబ్బాలు కట్టి తేలేయాలి. సత్తుపల్లి నుంచి పెద్ద వల వచ్చేలోగా ఒడ్డున తుమ్మకంప కొట్టి చదును చేయాలి. సేవాలాల్ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాలి. మృగశిర కార్తె నాటికి ఖమ్మం బజారుకు బండెడు చేప చేర్చాలి.

మా సొసైటీ ప్రెసిడెంటు హాతీరాం మామ ఒక్కొక్కటే చెబుతుంటే, నేను స్టూలెక్కి షెడ్డు గోడ మీద బొగ్గుతో రాశాను. రాసి దిగబోతుంటే కింద కూర్చున్న దాదీ అరిచింది. దాదీ అంటే మా నాయన తల్లి. పేరు ద్వాలి.

"నాది రాయకపోతివి!"

"నీదేంది దాదీ?"

"తట్టలకు అడుగులు ఊడినయి. అల్లియ్యాలె. రాయి."

హాతీరాం మామ నవ్వాడు. "గది గూడ సొసైటీ పనేనా అత్తా?"

"తాడు గుంజుడు సొసైటీ పనే కదరా. గుంజినోళ్ళకు తట్ట ఉండాల్నా వద్దా? రాయి బిడ్డా. పెద్దగ రాయి, ఈనకు కండ్లు కనబడ్తలేవు."

స్టూలు మీద వెనక్కి తిరిగి అన్నిటికంటే కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాశాను: తట్టలకు అడుగు.

మాది జల్లివాగు ప్రాజెక్టు పక్కన తండా. భద్రాచలం బస్సు దిగి, టేకు చెట్ల మధ్య మట్టిరోడ్డున ఆటోలో రావాలి. మా తాతలు పశువులు కాసుకున్నవాళ్ళు. మేత భూములు నీళ్ళ కింద పోయాక ఆ నీళ్ళలో చేపలు పట్టుకునే హక్కు తండా సొసైటీకి వచ్చింది. సభ్యులందరూ మగవాళ్ళే. నేను ఖమ్మంలో జువాలజీతో డిగ్రీ చేసి ఆ ఎండాకాలమే ఇంటికొచ్చాను. తండాలో మొదటి డిగ్రీ నాది కాబట్టి రాతకోతలు చూసుకొమ్మని సెక్రటరీ పని నాకిచ్చారు. సభ్యత్వం మాత్రం మా నాయన రూప్‌సింగ్ పేరు మీదే ఉంది.

పెద్ద వలకు రెండు తాళ్ళు. తెప్పల మీద మగవాళ్ళు వలను నీళ్ళలో గుండ్రంగా తిప్పి తెస్తే, ఒక తాడు ఒడ్డున మగవాళ్ళు లాగుతారు, ఒకటి ఆడవాళ్ళు లాగుతారు. బొచ్చెలు, రవ్వులు, కొర్రమట్టలు, అంటే పెద్ద చేపలన్నీ, సొసైటీవి. వాటితో పాటు అడక్కుండా వచ్చే చిల్లర అంతా, పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు, వేలెడంత పిల్లలు, దాన్ని మావాళ్ళు కచ్ర అంటారు. కచ్ర తాడు పట్టిన ఆడవాళ్ళది. ఎవరి తట్ట వాళ్ళు నింపుకుంటారు. కట్ట కింది బండ మీద ఎండబెట్టి సంతలో అమ్ముకుంటారు. నేను హాస్టల్లో ఉన్నన్నాళ్ళు నా సబ్బులు, చెప్పులు, బస్సు కిరాయిలు దాదీ తట్టలోంచే వచ్చాయి. నా ట్రంకుపెట్టె తెరిస్తే గదిలో ఆడపిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం అది ఇంటి వాసన.

ఉగాది వెళ్ళాక వల వచ్చింది. తెచ్చినవాడు మురళీకృష్ణ గారు. సత్తుపల్లి వైపు ఆసామి, చేపల వ్యాపారం. ఏటా తన వలను మాకిచ్చి, పట్టిన చేపను తనే కొనుక్కుపోతాడు. ఈసారి లారీ దిగుతూనే మీసం దువ్వుకున్నాడు.

"పాత వల మూలన పడేశానండీ. ఇది కొత్తది. వెనక సంచి చూడండి, ఎంత చిన్న కన్నో! దోమ కూడా దాటదు."

"దోమల్ని గూడ కొంటవా అన్నా?" అంది మోతీ వదిన. ఆడవాళ్ళ తాడుకు ముందుండేది ఆమే. నోరు కూడా ఆమెదే ముందుంటుంది.

"కొంటానమ్మా! కచ్ర మొత్తం నాకే పొయ్యండి. కోళ్ళదాణాకు కావాలి. పచ్చిదైనా సరే, ఎండిందైనా సరే. మీరు ఎర్రటెండలో సంతల చుట్టూ తిరిగే పనే లేదు."

ఆడవాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు! దాదీ నా మోచేతి మీద గిల్లింది. "ఇన్నవా? కచ్రకు లారీ వస్తదట. లారీ!"

మొదటి లాగుడు రోజు తండాలో పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు. అందరం ఒడ్డునే ఉన్నాం. తెప్పలు వెళ్ళిపోయి, తెల్ల బెండ్లు నీళ్ళ మీద పెద్ద కొడవలిలా వంగి నిలిచాయి. అప్పుడు తాళ్ళు బిగిశాయి. మోతీ వదిన పాట ఎత్తుకుంది. నడుములన్నీ ఒక్కసారి వెనక్కి వాలాయి. ఇసుకలో మడమలు దిగబడ్డాయి. నేను తక్కెడ దగ్గర ఉండాల్సినదాన్ని. ఉండలేక ఒడ్డుకు పరుగెత్తాను.

బెండ్ల వలయం చిన్నదవుతున్నకొద్దీ లోపల నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. ముందు ఒక బొచ్చె ఎగిరింది. దాని వెంట నాలుగు. ఆ తర్వాత లెక్కే లేదు. నడుంలోతు నీళ్ళలో ఉన్న కోటేష్ గాడి ఛాతీ మీద ఒకటి దబ్బున తగిలి వాడు వెల్లకిలా పడ్డాడు. కోటేష్ నా మేనమామ కొడుకు. తెప్ప నడపడంలో తండాలో వాణ్ణి మించినవాడు లేడని వాడే చెబుతాడు.

"చేప తంతే పడ్డ మొగోడు!" అని మోతీ వదిన పాట ఆపి మరీ అరిచింది. తాడు పట్టుకున్న చేతులు నవ్వుకు వణికాయి.

సంచి ఒడ్డుకు వచ్చింది. అంత బరువు సంచి మా ప్రాజెక్టులో ఎవరూ చూడలేదు. హాతీరాం మామ తలగుడ్డ తీసి గాల్లో ఊపాడు. పెద్ద చేపలు తక్కెడకు వెళ్ళాయి. తక్కినదంతా ఇసుక మీద గుట్టగా మిగిలింది. మోకాలెత్తు ఉంది గుట్ట. వెండి రంగులో మిలమిలలాడుతూ, గుసగుసమని చిన్న చప్పుడు చేస్తూ ఉంది. నాచు, నత్తలు, రొయ్యపిల్లలు, రెండు నీరుకట్టె పాములు, ఊపిరాడక వలలోనే చచ్చిన ఒక తాబేలు. ఆడవాళ్ళు తట్టలతో పరుగెత్తారు. తట్టలు నిండాయి. కొంగులు నిండాయి. బిందెలు తెచ్చారు.

"దేవుడు ఈ ఏడు ఆడోళ్ళ దిక్కు చూసిండు," అంది దాదీ.

నేనూ ఆమెతో పాటు దోసిళ్ళతో ఎత్తి పోశాను.

మర్నాడు బండ మీద ఎండబెట్టిన చేపలను దాదీ, నేను తిరగేస్తున్నాం. ఎండకు బండ పెనంలా ఉంది. దాదీ చీపురుతో నెడుతుంటే నేను చేత్తో విడదీస్తున్నాను. ఒకదాన్ని వేళ్ళతో పట్టుకుని ఆగిపోయాను. ఒంటికి మించిన తల. పైకి తెరుచుకున్న నోరు. పరక కాదది, బొచ్చె పిల్ల. పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. పోయిన వానాకాలం తీజ్ పండుగకు మేం ఆడపిల్లలం గోధుమ మొలకల బుట్టలు నీళ్ళలో వదిలిన రోజే, సర్కారు నుంచి వచ్చిన చేపపిల్లల సంచులు కూడా వచ్చాయి. నేను కాలేజీకి సెలవు పెట్టి వచ్చాను. మొలకలతో పాటే సంచుల మూతులు విప్పి, పాటలు పాడుతూ పిల్లల్ని నీళ్ళలో వదిలాం. అవే ఇవి. చేతిలో చేప ఎండి పుల్లలా ఉంది.

"దాదీ, ఇవి మనం వదిలినవే."

"అవ్."

"నీకు తెలుసా?"

"కండ్లున్నయి కద బిడ్డా."

"ఉంచితే ఒక్కొక్కటి మూరెడు అయ్యేవి! వచ్చే ఏడు సొసైటీకి చేప ఎట్ల?"

దాదీ చీపురు ఆపలేదు. "నీళ్ళల్ల ఉన్నంత సేపు అది సొసైటీది. మూరెడు పెరిగినా సొసైటీదే. సచ్చి తట్టల పడ్డంకనే నాది. పెరగనిస్తే నాకేమొస్తది, చెప్పు?"

 ఎండలో నిలబడి ఆ మాటనే తిప్పితిప్పి చూశాను. నీళ్ళలో బతికున్నదంతా మగవాళ్ళకు, పాడైనదంతా ఆడవాళ్ళకు పంచిన పద్ధతి అది. పాడయ్యేది ఎంత పెరిగితే ఆడవాళ్ళకు అంత మంచిది. ఇన్నేళ్ళు పాత వల కన్ను పెద్దది కాబట్టి ఆ పద్ధతి ఎలాగో నడిచింది. ఇప్పుడు దోమ దాటని వల వచ్చింది, కచ్రకు లారీ వచ్చింది.

తర్వాతి లాగుళ్ళలో పెద్ద చేప తగ్గుతూ వచ్చింది. కచ్ర మాత్రం తగ్గలేదు. అడుగంతా గీరుకుపోయి నీళ్ళు ఎప్పుడూ బురదగానే ఉండేవి. మా గేదెలు మూతి పెట్టి వెనక్కి తిరిగిపోయేవి. కొర్రమట్టకు గాలం వేసే కోటేష్ పొద్దంతా కూర్చుని ఒట్టి చేతులతో లేచేవాడు.

"నీటికుక్కలు గూడ పోయినయే ఉషా," అన్నాడొక రోజు. "ఏటా మన వలకాడికొచ్చి మనకంటె ముందు తినేటియి. మనమీద అలిగినయి."

"అలగలే. వాటి తిండి కోళ్ళకు పోయింది."

"కొర్రమట్ట గూడ కోళ్ళకే పోయిందా?"

"కొర్రమట్ట తినేది పరకలనే కదరా. పరకలు లేకుంటే అదేం తింటది, నీ గాలమా?"

వాడు గాలం చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

నేను షెడ్డులో మీటింగు పిలిచాను. గోడ మీది రాత ఇంకా చెరగలేదు. మధ్యలో టార్పాలిన్ పరిచి, దాదీని అడిగి ఆమె తట్ట తెచ్చి దాని మీద బోర్లించాను. పరకలు ఒక పక్కకు, జెల్లలు ఒక పక్కకు, బొమ్మిడాయిలు ఒక పక్కకు వేరు చేశాను. బొచ్చె, రవ్వు పిల్లల్ని మధ్యలో వేశాను. వేస్తున్నకొద్దీ మధ్య కుప్ప పెరిగింది. మొదట్లో జోకులు వేసుకున్న మగవాళ్ళు మెల్లగా లేచి చుట్టూ నిలబడ్డారు.

"ఇది మన వచ్చే ఏటి లాగుడు మామా," అన్నాను. "ఇప్పుడే పట్టేసినం."

హాతీరాం మామ ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏం జెయ్యాలె?"

"వెనక సంచి మార్చాలె. మునుపు మన సొసైటీకే ఉన్న వల పెద్దకన్ను సంచి అటక మీదుంది. అది కుడితే పెద్దవి ఆగుతయి, చిన్నవి దాటిపోతయి."

మురళీకృష్ణ గారు కుర్చీలోంచి లేచాడు. "నా వలకు కత్తెర పెడతారా? ఏంటమ్మా ఇది! రెండు రోజుల చదువు చదివొచ్చి..."

"మూడేండ్లు సార్," అన్నాడు కోటేష్. "మూడేండ్లు చదివింది. బస్సుల నిలబడి."

షెడ్డంతా నవ్వింది. మురళీకృష్ణ గారు కూడా చివరికి చేతులు దులుపుకున్నాడు. ఆయనకు మృగశిరకు కావాల్సింది పెద్ద చేపే. "మీ ఇష్టమండీ. దాణా లారీ మాత్రం ఇంక రాదు."

"రాకపోతే పాయె," అన్నాడు హాతీరాం మామ. చేతులెత్తమంటే చేతులన్నీ లేచాయి. మా నాయన చెయ్యి అందరికంటే ఎత్తుగా ఉంది. ఆయన నా వైపు చూసి మీసంలో నవ్వుకున్నాడు. 

అప్పుడు గోడ వారగా ఆడవాళ్ళ మధ్య కూర్చున్న దాదీ గొంతు వచ్చింది.

"మరి తట్ట?"

"తట్టకేమైంది అత్తా?" అన్నాడు మామ. "మీ తట్ట మీకే ఉంటది. ఎవరన్న గుంజుకుంటున్నరా?"

"అందులకు ఏమొస్తది?"

"కచ్ర మీదే. ఎంతొస్తె అంత."

"దాటిపొయ్యేదంత మాది, ఆగేదంత మీది. అంతేనా?"

"సభ్యులకే చేప అత్తా. రూలు. మొన్న నీ మన్మరాలే చదివి ఇనిపిచ్చింది."

మగవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. మీటింగు అయ్యాక మామ వెంట కట్ట దాకా నడిచి, తాడు పట్టినవాళ్ళకూ పెద్ద చేపలో ఎంతో కొంత పెడదామని అడిగాను. ఆయన మంచివాడే. కానీ బొచ్చె ఆడవాళ్ళ తట్టలో ఉండడం ఆయన ఊహకు అందలేదు. "మంచి పని జేసినవు. ఇగ దాన్ని కిరికిరి జెయ్యకు," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి దాదీ వాకిట్లో వెదురు బద్దలతో తట్ట అడుగు అల్లుతోంది. పక్కన కూర్చున్నాను.

"నా మీద కోపమా దాదీ?"

"ఎందుకు? నిజమే చెప్పినవు. కని నీ నిజానికి కిరాయి కట్టేది మేమొక్కళ్ళమేనా అంటున్న."

"ఏం చేద్దామంటవు?"

"నువ్వు సెక్రటరీవి. నీకు చెప్పను." పళ్ళతో బద్దను తెంపి నా వైపు కొంటెగా చూసింది. "అంత మొహం పెట్టకు. పోయి సంచి కుట్టు."

పోయి కుట్టాను. కోటేష్, నేను, ఇంకో నలుగురం పొద్దంతా కూర్చుని పెద్దకన్ను సంచిని వలకు కలిపి కుట్టాం. నాలుగు వేళ్ళు కన్నులోంచి సులువుగా దూరుతుంటే నా సంతోషం ఇంతా అంతా కాదు.

పెద్దకన్ను సంచితో మొదటి లాగుడు. మృగశిర దగ్గరపడింది. ఐసు ఆటో వచ్చి నిలబడింది. మురళీకృష్ణ గారు గొడుగు కింద కుర్చీ వేయించుకున్నాడు. చిన్నకన్ను వలకు దొరక్కుండా లోతున దాగిన పెద్ద చేపలు నీళ్ళు తగ్గి ఒక్క మడుగులోకి చేరాయని కోటేష్ ముందురోజే చూసి వచ్చాడు. వల ఆ మడుగునంతా చుట్టి వచ్చింది. తాళ్ళు బిగిశాయి. మోతీ వదిన పాట ఎత్తుకుంది. నీళ్ళు ఉడికాయి. ఒక్కొక్క బొచ్చె పసిపిల్లంత ఉంది, ఎగిరితే ఎండకు మెరిసి కళ్ళు చెదిరాయి. ఒడ్డున అందరం గంతులేస్తున్నాం.

పాట ఆగింది.

చూస్తే ఆడవాళ్ళ తాడు వదులుగా ఉంది. ఎప్పుడూ మోతీ వదిన ఉండే చోట, అందరికంటే ముందు దాదీ ఇసుకలో చతికిలబడి కూర్చుంది. ఆమె వెనక మోతీ వదిన. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు. ఎవరూ తాడు వదల్లేదు. అందరి చేతుల్లోనూ తాడుంది. కాకపోతే లాగడం లేదు.

"అత్తా! గుంజు!" నీళ్ళలోంచి హాతీరాం మామ కేక.

"పట్టుకునే ఉన్నం కదరా!"

"పట్టుకునుడు కాదు, గుంజాలె!"

"గుంజుతం. తట్టకో బొచ్చె."

"ఏందీ?"

"తట్టకో బొచ్చె! చెవులు గూడ పోయినయా నీకు?"

ఒక పక్క తాడు బిగువు, ఇంకో పక్క వదులు. వల వాలిపోయింది. అడుగున సీసం గుండ్లు లేచిపోయాయి. ఆ సందులోంచి ముందు ఒకటి, తర్వాత గుంపులు గుంపులుగా చేపలు లోతుకు జారిపోవడం ఒడ్డునుంచే కనబడుతోంది.

"పోతున్నయి! పోతున్నయి!" మురళీకృష్ణ గారి గొడుగు ఎగిరి నీళ్ళలో పడింది. "ఏమ్మా ఉషా, చూస్తావేంటి! చెప్పమ్మా వాళ్ళకు!"

"సెక్రటరీవి నువ్వు," అన్నాడు మా నాయన, నీళ్ళు కారుతున్న చేతులతో నా వైపు తిరిగి. "నీ మాట ఇంటరు. పోయి చెప్పు."

నేను తక్కెడ కొక్కెం వదిలి ఇసుకలోకి దిగాను. అందరూ నన్నే చూస్తున్నారు. నడిచి వెళ్ళి ఆడవాళ్ళ తాడు చివర కూర్చున్నాను. తాడు తడిగా, బరువుగా ఉంది. నా ముందున్నామె కొంచెం జరిగి చోటిచ్చింది. దాదీ వెనక్కి తిరిగి చూడలేదు.

చివరికి మగవాళ్ళే లాగితే సంచి వచ్చింది. అందులో నాచు, ఒక నూనె డబ్బా ఉన్నాయి. ఐసు ఎండలో కరిగి ఆటో కింద మడుగు కట్టింది.

ఆ తర్వాత రోజులు తండాలో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. మా నాయన తనకు అన్నం పెట్టమని కూడా నాతో దాదీ చేత చెప్పించేవాడు. మగవాళ్ళే రెండు తాళ్ళూ పట్టి ఒకసారి చూశారు. జనం చాలలేదు. ఇటు లాగితే అటు వెనకబడింది. వల వెళ్ళి సరిగ్గా మేం డబ్బా కట్టి గుర్తు పెట్టిన మొద్దుకే తగులుకుంది. విడదీయడానికి కోటేష్ మునుగుతుంటే ఒడ్డున మోతీ వదిన, "నీళ్ళు సల్లగున్నయా మరిదీ?" అని అడిగింది. మృగశిర తరుముకొస్తోంది. ఖమ్మం బజారులో ఆ రోజు మా చేప లేకపోతే ఎండాకాలమంతా వల పట్టిన కష్టం గాలికి పోయినట్టే. ఆ సంగతి మగవాళ్ళకు తెలుసు. ఆడవాళ్ళకూ తెలుసు. 

మృగశిరకు ముందురోజు మధ్యాహ్నం హాతీరాం మామ మా వాకిట్లోకి వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. దాదీ రెండో తట్టకు అడుగు అల్లుతోంది. ఆయన కాసేపు వేపచెట్టు కేసి, కాసేపు పొయ్యి కేసి చూశాడు.

"మబ్బు పట్టేటట్టుంది అత్తా."

"పడ్తది. కార్తె వచ్చింది కద."

"రేపు తాడు పడ్తవా?"

దాదీ తల ఎత్తలేదు. "తట్ట తెచ్చుకోవాల్నా, వద్దా?"

మామ తలగుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"తెచ్చుకో," అన్నాడు.

అంతే. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. దాదీ బద్దను ఇంకో చుట్టు తిప్పింది. నేను గుమ్మంలో నిలబడి నోరు తెరిచాను. "అరవకు," అంది. "ఇంకా చేప నీళ్ళల్లనే ఉంది."

మర్నాటి లాగుడు గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పొద్దున్నే ఆకాశం నల్లబడింది. మట్టి వాసన వస్తోంది. నేను తక్కెడ కోటేష్ తమ్ముడికి అప్పజెప్పి తాడు దగ్గరే ఉన్నాను. మోతీ వదిన పాట అందుకుంటే అవతలి తాడు పట్టిన మగవాళ్ళు కూడా వంత పాడారు. రెండు తాళ్ళూ ఒక్క అడుగు మీద కదిలాయి. బెండ్లు దగ్గరయ్యాయి. నీళ్ళు లేచాయి, చేపలు లేచాయి, పైనుంచి వాన మొదలైంది. ఏది వాన చుక్కో ఏది చేప చిమ్మిన నీళ్ళో తెలియలేదు.

సంచి ఒడ్డు దగ్గరికి వచ్చినప్పుడు నేను తాడు వదిలి మోకాళ్ళ లోతుకు దిగాను. చూడాల్సింది అక్కడుంది. సంచి లోపల పెద్ద చేపలు గుద్దుకుంటున్నాయి. సంచి బయట, కన్నుల్లోంచి చిన్న పిల్లలు కారుతున్నాయి. నల్లటి గింజలు ఒలికినట్టు వందలకు వందలు నా కాళ్ళ మధ్య నుంచి, పిక్కలకు చక్కిలిగింతలు పెడుతూ లోతుకు పోతున్నాయి. తీజ్ నాడు మేం వదిలినవి. రెండోసారి వదిలినట్టుంది.

"దాదీ! చూడు! పోతున్నయి!" ఈసారి ఆ మాటను అరిచింది నేను.

ఒడ్డున తట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. హాతీరాం మామ సంచి మూతి విప్పి, రెండు చేతులా ఒక బొచ్చెను ఎత్తాడు. అది తోకతో ఆయన చెంప మీద కొట్టింది. ఎవరూ నవ్వలేదు. ఆయన నడిచి వచ్చి దాన్ని దాదీ తట్టలో పెట్టాడు. తట్ట సరిపోలేదు. తల ఒక పక్క, తోక ఒక పక్క బయటికి ఉన్నాయి. కొత్తగా అల్లిన అడుగు కిర్రుమంది, ఆగింది.

తర్వాత తట్టకు. ఆ తర్వాత తట్టకు. వాన జోరందుకుంది. తట్టలన్నీ అయ్యాకే మిగతావి తక్కెడకు వెళ్ళాయి.

మురళీకృష్ణ గారు గొడుగుతో దాదీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, అది కూడా నా లారీలో వేసెయ్యండి. ధర కట్టిస్తా."

"ఏ ధర?"

"మీ సొసైటీకి ఇచ్చే ధరే."

"నేను సొసైటీ కాదు కద అయ్యా. నాది నేనమ్ముకుంట."

నన్ను వెంటబెట్టుకుని, మోతీ వదినను వెంటబెట్టుకుని, తడి బట్టలతోనే ఆటో ఎక్కి, రోడ్డు మీద ఖమ్మం బస్సు ఆపింది. కండక్టరు తట్ట వైపు, అందులోంచి బయటికున్న తల వైపు చూశాడు.

"దానికి గూడ టికెట్ తియ్యాలె అవ్వా."

"తీస్త. కని సీటియ్యాలె దానికి. కిటికీ పక్కన."

బస్సంతా నవ్వింది. ఎవరో లేచి దాదీకి చోటిచ్చారు. ఆమె తట్టను ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా వానను చూస్తూ కూర్చుంది.

ఖమ్మం చేపల బజారులో కాలు పెట్టే చోటు లేదు. మృగశిర నాడు చేప తినని ఇల్లుండదు కదా. దాదీ ఇన్నేళ్ళూ సంతలో చివరన, నేల మీద గోనె పరుచుకుని, ఎండుచేపల కుప్ప ముందు తల దించుకుని కూర్చున్న మనిషి. అడిగినవాళ్ళకు ధర గొణిగేది. ఆ రోజు బజారు నడిమధ్య బొచ్చెను రెండు చేతులా తల మీదికెత్తింది.

"జల్లివాగు బొచ్చె! జల్లివాగు బొచ్చె! ఇప్పుడే నీళ్ళల్లకెల్లి లేచొచ్చింది! ఎవరికి అదృష్టముందో రాండ్రి!"

ఆ గొంతు ఆమెలో ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు. మోతీ వదిన కూడా నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. జనం మూగారు.

ఇదంతా రెండేళ్ళ కిందటి మాట. తట్టకో బొచ్చె పద్ధతి అప్పటి నుంచి నిలిచింది. తర్వాతి ఎండాకాలం కోటేష్ గాలానికి కొర్రమట్ట తగిలింది. వాడు తండా అంతా తిప్పి చూపించాడు. నీటికుక్కలు తిరిగొచ్చాయో లేదో ఇంకా చెప్పలేను. ఒకసారి అవతలి ఒడ్డున రెండు తలలు లేచినట్టు మా నాయన అన్నాడు. ఇప్పుడు వేరే సొసైటీల వాళ్ళు మా పెద్దకన్ను సంచి చూడటానికి వస్తున్నారు. ఆఫీసర్లు వచ్చి ఫొటోలు తీసుకుంటారు. ఈ ఆలోచన ఎవరిదని అడుగుతారు. సంచి మార్చడం నాది, అది నిలబడేలా చేసింది మా దాదీ ద్వాలి అని ప్రతిసారీ చెబుతాను. తలూపి, సెక్రటరీ ఉషారాణి అని రాసుకుని పోతారు. ఆమె సభ్యురాలు కూడా కాదాయె.

కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. వచ్చే మృగశిర నాడు మీ ఇంట్లో చేప పులుసు ఉడుకుతున్నప్పుడు, మూత తీసి ఆ ఆవిరి మొహానికి తగిలినప్పుడు, ద్వాలి అనే పేరు ఒక్కసారి తలుచుకోండి. తాడు వదలకుండా, లాగకుండా, ఇసుకలో కూర్చున్న ఒక ముసలామెను తలుచుకోండి.